విశ్వకిరణాల అన్వేషి విక్టర్ హెస్

విక్టర్ ఫ్రాంజ్ హెస్ 1883 జూన్ 24న ఆస్ట్రియా దేశంలోని వాల్డ్‌స్టైన్ కోటలో జన్మించారు. కోటలో పుట్టారని రాజుగారి బిడ్డ అనుకోకండి. ఆయన తండ్రి ఒక రాజవంశీయుని కొలువులో అడవులు చూసుకునే ఉద్యోగి. హెస్ గ్రాజ్ నగరంలో చదువుకొని, 1910లో వియన్నాలోని రేడియం పరిశోధన సంస్థలో చేరారు.

ఆ రోజుల్లో శాస్త్రవేత్తలను ఒక చిక్కు వేధిస్తుండేది. విద్యుద్దర్శినిని ఎంత గట్టిగా మూసినా దానిలోని ఆవేశం మెల్లగా తగ్గిపోయేది. నేలలోని రేడియోధార్మిక పదార్థాలే దీనికి కారణమని చాలామంది భావించారు. అదే నిజమైతే పైకి వెళ్ళేకొద్దీ వికిరణం తగ్గాలి. 1910లో థియోడర్ వుల్ఫ్ ఈఫిల్ టవర్ పైన కొలిచి చూస్తే అనుకున్నంతగా తగ్గలేదు.

తేల్చుకోవాలంటే ఇంకా పైకి వెళ్ళాలి. హెస్ పరికరాలు పట్టుకొని తానే బెలూన్ ఎక్కారు. 1912 ఏప్రిల్ 17న సూర్యగ్రహణం వేళ ఎగిరి కొలిచినా వికిరణం తగ్గలేదు. అంటే అది సూర్యుని నుంచి వచ్చేది కాదు. అదే ఏడాది ఆగస్టు 7న హైడ్రోజన్ బెలూన్‌లో 5 వేల మీటర్లు దాటారు. గాలి పలచబడే ఆ ఎత్తులో వికిరణం నేల మీదకన్నా బాగా ఎక్కువగా ఉంది. అది పైనుంచే వస్తోందని ఆయన ప్రకటించారు. చాలామంది వెంటనే నమ్మలేదు. అవే విశ్వకిరణాలు. 24 ఏళ్ళ తర్వాత, 1936లో, కార్ల్ ఆండర్సన్‌తో కలిసి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆయన జీవితం సుఖంగా సాగలేదు. రేడియంతో పనిచేయడం వల్ల బొటనవేలు దెబ్బతిని తీసివేయవలసి వచ్చింది. భార్య యూదు వంశీయురాలు. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించి ఆయన ఉద్యోగం తీసేశారు. భార్యతో అమెరికా చేరి, న్యూయార్క్‌లోని ఫోర్డ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 1964 డిసెంబరు 17న కన్నుమూశారు.

విశ్వకిరణాలు ఎక్కడ పుడతాయో ఆయన బతికుండగా తేలలేదు. అవి ఎక్కువగా ప్రోటాన్లు. ఆవేశం ఉండటం వల్ల పాలపుంతలోని అయస్కాంత క్షేత్రాల్లో దారి మళ్ళిపోతాయి. కానీ అవి వాయుమేఘాలను ఢీకొన్నప్పుడు పయాన్లు అనే కణాలు పుడతాయి. వాటిలో ఆవేశం లేనివి వెంటనే గామా కిరణాలుగా మారతాయి. గామా కిరణాలు తిన్నగా వస్తాయి కాబట్టి ఢీకొన్న చోటు తెలుస్తుంది. పేలిపోయిన రెండు నక్షత్రాల అవశేషాల్లో ప్రోటాన్లు వేగం పుంజుకుంటున్నాయని 2013లో ఫెర్మి ఉపగ్రహం ఇలాగే చూపింది. నమీబియాలోని గామా టెలిస్కోపులకు హెస్ పేరే పెట్టారు. లడఖ్‌లోని హాన్లేలో 2024లో ప్రారంభమైన మేస్ గామా టెలిస్కోపు నిర్మాణంలో మన హైదరాబాద్ ఇ.సి.ఐ.ఎల్. పాలుపంచుకుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ప్రాక్టికల్స్‌లో రీడింగు సరిపోకపోతే సీనియర్ల రికార్డు చూసి దిద్దేయడం అన్ని కాలేజీల్లోనూ ఉన్నదే. హెస్ తన రీడింగును అలా దిద్ది ఉంటే విశ్వకిరణాలు ఆయనకు చిక్కేవి కావు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మీలో చాలామందిదీ అదే పరిస్థితి. సందేహం వస్తే ఇంట్లో చెప్పేవారుండరు. అలాంటప్పుడు మన కళ్ళతో చూసిన కొలతను కూడా మనమే కాదనుకుంటే ఇంక మిగిలేదేమిటి? ఒకటి రెండు మార్కులు పోయినా సరే, వచ్చిన రీడింగే రాయండి. తేడా ఎందుకొచ్చిందో లెక్చరర్‌గారిని భయపడకుండా అడగండి.