ఎలెవెన్ హంటర్స్ నుంచి వచ్చిన మాస్టారు

మా హాస్టల్‌లో ఫుట్‌బాల్ చూసేవాళ్ళు ఎక్కువ, ఆడేవాళ్ళు తక్కువ. అర్ధరాత్రి ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్ ఉంటే కామన్ రూమ్‌లో నిలబడటానికి కూడా చోటుండదు. అదే పొద్దున్నే ఆరింటికి ప్రాక్టీస్ అని గ్రూప్‌లో మెసేజ్ పెడితే తొమ్మిది మంది వస్తారు. తొమ్మిది. ఒక టీమ్ కూడా కాదు. పోయిన ఏడాది ఫైనలియర్ అన్నలు ఐదుగురు పాసవుట్ అయిపోయారు. వాళ్ళు ఇదే ఊళ్ళో ఉద్యోగాలు చేస్తున్నా శనివారం వచ్చి మాతో ఆడటానికి గేటు దగ్గర పర్మిషన్ లేదు. ఈసారి ఇంటర్ కాలేజీ టోర్నమెంట్‌కి మేం ఎంట్రీ పంపలేదు.

అందుకే ఈ సంచికకి సయ్యద్ అబ్దుల్ రహీం గురించి రాస్తా అన్నాను. నాకు తెలుగు పదో తరగతి దాకా సెకండ్ లాంగ్వేజ్ మాత్రమే. ఇంత పొడుగు వ్యాసం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే ఎడిటర్ అక్క దిద్దుతుంది.

రహీం సాబ్ పేరు మీలో చాలామందికి 2024లో వచ్చిన మైదాన్ సినిమా వల్ల తెలిసుంటుంది. అజయ్ దేవగణ్ వేషం వేశాడు కదా, ఆయనే. నాకూ అలాగే తెలిసింది. కానీ సినిమా 1952లో మొదలవుతుంది. అప్పటికే ఆయనకి నలభై దాటాయి. నాకు కావాల్సింది అంతకు ముందు కథ. ఆయన మన వయసులో ఏం చేసేవాడు?

1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టాడు. 1908 మూసీ వరద ఊరిని ఊడ్చేసిన మరుసటి ఏడాది. అంటే ఆయన చిన్నతనమంతా ఊరు మళ్ళీ కడుతూ ఉన్న కాలం. నయాపూల్ దగ్గర మూసీ ఒడ్డున హైకోర్టు లేచింది, దాని పక్కనే సిటీ కాలేజీ బిల్డింగ్ లేచింది. రెండింటి డిజైన్ విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్ట్‌ది. రంజాన్ నెలలో మదీనా దగ్గరికి హలీం తినడానికి వెళ్ళినప్పుడు ఆ గుమ్మటాలు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. హైకోర్టులో అదొక భాగం అనుకునేవాణ్ణి. కాలేజీ అని ఈ వ్యాసం కోసం చదివినప్పుడే తెలిసింది.

ఆ సిటీ కాలేజీ కుర్రాళ్ళకి ఒక ఫుట్‌బాల్ టీమ్ ఉండేది. పేరు ఎలెవెన్ హంటర్స్. ఇప్పటి ఈ-స్పోర్ట్స్ టీమ్ పేరులా లేదూ! ఆ టీమ్‌లో విషయం ఏంటంటే, చదువుతున్నవాళ్ళూ చదువైపోయినవాళ్ళూ కలిసి ఆడేవాళ్ళు. అంతే. ఈ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా. పాత విద్యార్థి బయటివాడు కాడు, వాడు లెఫ్ట్ హాఫ్ ఆడతాడు. కొత్తగా వచ్చిన పిల్లవాడికి పాస్ ఎప్పుడు వదలాలో వాడే చెప్తాడు. కోచ్‌కి జీతం ఇవ్వక్కర్లేదు. నాలుగేళ్ళకోసారి టీమ్ సున్నా నుంచి మొదలవ్వక్కర్లేదు. రహీం ఆ జట్టులో ఆడాడు. 1927 నుంచి 1931 దాకా ఉస్మానియా యూనివర్సిటీ జట్టులో కూడా ఆడాడు, అందులో మంచి ఆటగాళ్ళలో ఒకడని పేరు. అప్పటికి ఉస్మానియాకి మనం ఫొటోలు దిగే ఆర్ట్స్ కాలేజీ బిల్డింగ్ లేదు, అది 1939లో వచ్చింది. యూనివర్సిటీలో చదువంతా ఉర్దూలో. సైన్సు కూడా ఉర్దూలోనే. ఇంగ్లీషు లేకపోతే ప్రపంచం తెలీదని నమ్మి పెరిగిన నాలాంటివాడికి ఇది కొంచెం గుచ్చుకునే విషయమే. ఎందుకంటే ఆ తరవాత ఈయన ఇక్కడ కూర్చునే యూరప్ వాళ్ళ ఫార్మేషన్లని విప్పి చూశాడు.

డిగ్రీ అయ్యాక ఖమర్ క్లబ్‌కి ఆడాడు, లోకల్ లీగ్‌లో గట్టి జట్టు అది. పొట్టకూటికి మాత్రం టీచర్ పని. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్. మధ్యలో ఫిజికల్ ఎడ్యుకేషన్ డిప్లొమా చేసి, చివరి రెండు స్కూళ్ళలో ఆటల బాధ్యత తీసుకున్నాడు. సింపుల్‌గా చెప్పాలంటే పీఈటీ సార్. మన స్కూళ్ళలో మ్యాథ్స్ సిలబస్ అవ్వకపోతే ఎవరి పీరియడ్ లాక్కుంటారో ఆ సార్.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యాడు. చనిపోయేదాకా, అంటే ఇరవై ఏళ్ళు, ఆ కుర్చీలో ఉన్నాడు. ఈ మధ్యలో నిజాం రాజ్యం పోయింది, హైదరాబాద్ స్టేట్ వచ్చింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది. సెక్రటరీ మాత్రం మారలేదు. ఈ ఇరవై ఏళ్ళలో ఆయన పెట్టించిన టోర్నమెంట్ల గురించి చదివితే మతిపోయింది నాకు. ఒకటి నాన్-డ్రిబ్లింగ్ టోర్నమెంట్. బాల్ వచ్చిందా, వెంటనే పాస్ ఇచ్చెయ్యాలి, డ్రిబుల్ చేస్తే ఒప్పుకోరు. ఇంకొకటి బలం లేని కాలితో మాత్రమే ఆడే పోటీ. కుడికాలివాడు ఎడమతో, ఎడమకాలివాడు కుడితో. చిన్న పిల్లలకి ఎత్తు కొలిచి పెట్టే పోటీలు వేరే.

దీన్ని కోడింగ్ భాషలో చెప్తే తొందరగా అర్థమవుతుంది. ల్యాబ్‌లో ఒక్కోసారి మేడమ్ రెడీమేడ్ సార్ట్ ఫంక్షన్ వాడొద్దంటుంది చూడండి, అలాంటిది. చేతికి అలవాటైన దారి మూసేస్తే బుర్ర ఇంకో దారి వెతుక్కుంటుంది. డ్రిబుల్ చెయ్యకూడదు అంటే, బాల్ రాకముందే ఎవరు ఎక్కడున్నారో చూసుకోవాలి. స్టార్లు ఉండరు, టీమ్ ఉంటుంది. నేను లెఫ్ట్ బ్యాక్ ఆడతాను, ఆ ప్లేస్‌కి వేరే ఎవరూ లేరు కాబట్టి. నా ఎడమ కాలు బైక్ స్టాండ్ లాంటిది, నిలబడటానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఆయన టోర్నమెంట్‌లో పడుంటే నా గతి ఏమయ్యేదో.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్ అయ్యాడు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు ఆ జట్టే గెలిచింది. 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌కి ఇండియా కోచ్. ఫైనల్లో ఇరాన్ మీద 1-0, గోల్డ్. తరవాతి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1. చలి, పైగా మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ దెబ్బతోనే బూట్లు తప్పనిసరి చేశారు.

1956 మెల్‌బోర్న్ వేరే కథ. ఆస్ట్రేలియాని వాళ్ళ ఊళ్ళోనే 4-2తో ఓడించి సెమీస్‌కి వెళ్ళాం, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీస్‌కి చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. చివరికి నాలుగో స్థానం. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, తులసీదాస్ బలరాం... మన ఊరివాళ్ళే.

బలరాంది సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ. బాగా పేదిల్లు. ట్రైనింగ్‌కి రమ్మని రహీం సాబ్ పిలిస్తే, రోజూ అంత దూరం రావడానికి డబ్బుల్లేవన్నాడట. సైకిల్ అద్దెకి రోజుకో రూపాయి తనే ఇస్తానన్నాడట మాస్టారు. పెద్దయ్యాక బలరామే చెప్పుకున్న సంగతి ఇది. ఆ కుర్రాడు రెండు ఒలింపిక్స్ ఆడాడు. 1960లో రోమ్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టాడు. అదే రోమ్‌లో ఫ్రాన్స్‌తో మనం 1-1 డ్రా చేశాం. ఫ్రాన్స్‌తో! ఆ తరవాత ఇండియా ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కి మళ్ళీ వెళ్ళలేదు.

ఇక 1962, జకార్తా ఏషియన్ గేమ్స్. రహీం సాబ్‌కి అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. థాయ్‌లాండ్ మీద గెలిచాం కానీ డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. కుట్లతో డిఫెన్స్‌లో హెడర్లు కొట్టలేడు. వేరే కోచ్ అయితే బెంచ్ మీద కూర్చోబెడతాడు. ఈయన తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిస్తే అందులో ఒక గోల్ జర్నైల్‌దే.

సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్ళీ కొరియాతోనే. స్టేడియంలో లక్షమంది దాకా ఉన్నారు, అందరూ మనకి వ్యతిరేకం. ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ ఆటలకి రానివ్వలేదని మన అధికారి జి.డి. సోంధీ తప్పుపట్టడంతో ఇండోనేషియా వాళ్ళు మండిపోయి ఉన్నారు. మన జాతీయ గీతానికి కూడా గోల చేశారు. ఆ గోలలో మనకి చప్పట్లు కొట్టింది ఎవరో తెలుసా? పాకిస్తాన్ హాకీ జట్టు. గోల్‌కీపర్ తంగరాజ్ ఫ్లూ నుంచి ఇంకా తేరుకోలేదు, అయినా ఆయన్నే దింపాడు. పి.కె. బెనర్జీ ఒకటి, కుట్ల తలతో జర్నైల్ ఒకటి. 2-1. గోల్డ్.

తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న, రహీం సాబ్ చనిపోయాడు. యాభై మూడేళ్ళు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి ఇంకో గోల్డ్ ఇప్పటిదాకా రాలేదు. ఆ పతకాల గురించి అందరూ రాస్తారు. నాకు మాత్రం ఆ ఎత్తు కొలిచే పోటీ, ఆ సైకిల్ అద్దె, ఆ ఎలెవెన్ హంటర్స్ దగ్గరే మనసు ఉండిపోయింది. జకార్తాలో చేసినవన్నీ అక్కడ నేర్చుకున్నవే అని నా అనుమానం. ఉన్నవాళ్ళతోనే ఆడాలి, ఎవడు ఎక్కడ పనికొస్తాడో చూడాలి. కాలేజీ జట్టులో ఎప్పుడూ సరిపడా మనుషులుండరు కదా.

మేం గేటు గురించి ఇంకో లెటర్ పెట్టాం, సమాధానం రాలేదు. అందుకని ఈ నెల నుంచి ఆదివారం సాయంత్రాలు బయట మున్సిపల్ గ్రౌండ్‌లో కలుస్తున్నాం. పాసవుట్ అన్నలు ముగ్గురు వస్తున్నారు, ఒకాయన ఆఫీసు ఐడీ కార్డు మెడలో వేసుకునే వచ్చేస్తాడు. తొమ్మిదీ మూడూ పన్నెండు, ఆరుగురు ఆరుగురు. పోయిన వారం నేనే పట్టుబట్టి ఎవరి బలం లేని కాలితో వాళ్ళు ఆడాలని రూల్ పెట్టించా. గంటసేపు ఆడాం. స్కోరు 0-0.