సినిమాలో లేని రాకీ

జంషెడ్‌పూర్: ‘రాకీ’ (1976) కోసం బిల్ కాంటి కట్టిన ట్రంపెట్ల బాణీ వినని బాక్సింగ్ కుర్రాడు ఈ ఊళ్లోనూ అరుదే. ఆరు ‘రాకీ’లు, ఆపై మూడు ‘క్రీడ్’లు వచ్చినా సూత్రం ఒకటే: బాణీ మొదలైతే చాలు, పేదవాడు మూడు నిమిషాల్లో యోధుడైపోతాడు. మొదటి సినిమాలో హీరో గది గోడ మీద ఒక పోస్టర్ ఉంటుంది. అందులోని మనిషి పేరు రాకీ మార్సియానో. అతడికి పట్టింది మూడు నిమిషాలు కాదు.

1923 సెప్టెంబర్ 1న అమెరికాలోని బ్రాక్టన్‌లో పుట్టాడు. జంషెడ్‌పూర్‌కు ఉక్కు ఎలాగో బ్రాక్టన్‌కు చెప్పులు అలాగ. ఇటలీ నుంచి వలస వచ్చిన తండ్రి మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువు పీల్చి ఆరోగ్యం పోగొట్టుకుని, చెప్పుల ఫ్యాక్టరీలోనే బతుకు వెళ్లదీశాడు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో తండ్రి పనిచేసిన కంపెనీలోనే కొడుక్కీ ఉద్యోగం దొరికితే పండగే. బ్రాక్టన్ కుర్రాడికి మాత్రం అదే పెద్ద భయం. ఆ ఫ్యాక్టరీలో కొన్నాళ్లు పనిచేసి, తోలు వాసన పడక బయటపడ్డాడు.

మొదట కన్ను పడింది బేస్‌బాల్ మీద. 1947లో షికాగో కబ్స్ జట్టు పరీక్షించి, బంతి విసిరే బలం చాలదని పంపేసింది. అప్పటికి 23 ఏళ్లు. బాక్సింగ్‌లో పూర్తిస్థాయిలో దిగింది ఆ మరుసటి ఏడాదే. హెవీవెయిట్‌కు పొట్టివాడు, చేతులూ పొట్టివే. కోచ్ చార్లీ గోల్డ్‌మన్ వాటిని సాగదీయలేడు గనక వంగి, ప్రత్యర్థి గుండెలకు ఆనుకునేంత దగ్గరికి వెళ్లి కొట్టడం నేర్పాడు. అలా కొట్టాలంటే ముందు దెబ్బలు తినాలి. మైళ్లకు మైళ్లు పరుగెత్తడం అందుకే. సినిమాలో చూస్తే ఉత్సాహమొస్తుంది కానీ, నిజానికి అది చాలా విసుగు పుట్టించే పని.

1949 డిసెంబర్‌లో అతడి దెబ్బలకు కార్మైన్ వింగో అనే బాక్సర్ కోమాలోకి వెళ్లి, చావు అంచుల దాకా వెళ్లొచ్చాడు. 1951 అక్టోబర్‌లో, చిన్నప్పటి నుంచి ఆరాధించిన జో లూయిస్‌ను ఎనిమిదో రౌండ్‌లో ఓడించి, తర్వాత డ్రెస్సింగ్ రూమ్‌లో ఏడ్చాడు. ఈ రెండింటికీ తగిన బాణీ ఏ ‘రాకీ’ సినిమాలోనూ లేదని నా అభిప్రాయం.

ప్రపంచ టైటిల్ పోరు 1952 సెప్టెంబర్ 23న జరిగింది. ఊరు ఫిలడెల్ఫియా, 24 ఏళ్ల తర్వాత సినిమా రాకీ మెట్లెక్కి చేతులెత్తే ఊరే. మొదటి రౌండ్‌లోనే జెర్సీ జో వాల్కాట్ అతణ్ని నేలకూల్చాడు. 12 రౌండ్లయ్యేసరికి పాయింట్లలో మార్సియానో వెనకబడి ఉన్నాడు. 13వ రౌండ్‌లో ఒక్క కుడిచేతి దెబ్బకు వాల్కాట్ తాడు మీదికి ఒరిగి కూలిపోయాడు. రెండేళ్ల తర్వాత ఎజర్డ్ చార్లెస్ చేతిలో ముక్కు చీలి, పోటీ ఆపేస్తారేమో అన్న దశలోనూ ఎనిమిదో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. 1956 ఏప్రిల్‌లో రిటైరయ్యేనాటికి 49 పోటీలు, 49 విజయాలు, అందులో 43 నాకౌట్లు.

ఒక మాట చెప్పకుండా ఉండలేం. లూయిస్, వాల్కాట్, చార్లెస్, మూర్ అందరూ నల్లజాతివారు. తెల్లవాడు గెలవాలని ఎదురుచూసిన అమెరికాకు మార్సియానో ఆ కోరిక తీర్చాడు. సినిమా ఆ కోరికనే మళ్లీ అమ్మింది.

డబ్బు విషయంలో ఫ్యాక్టరీ భయం చివరిదాకా వదల్లేదు. బ్యాంకులను నమ్మక నగదు ఎక్కడెక్కడో దాచాడు. అందులో చాలా భాగం కుటుంబానికి దొరకలేదంటారు. 1969లో లైసెన్సు కోల్పోయి ఖాళీగా ఉన్న మహమ్మద్ అలీతో కలిసి ఒక సినిమాలో ఉత్తుత్తి పోటీ ఆడాడు. బరువు తగ్గి, విగ్గు పెట్టుకుని బరిలోకి దిగాడు. గెలుపెవరిదో కంప్యూటర్ తేలుస్తుందన్నారు. ఆగస్టు 31న, 46వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, అయోవా రాష్ట్రంలో చిన్న విమానం కూలి చనిపోయాడు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో చూపించిన ముగింపులో అలీని మార్సియానో నాకౌట్ చేశాడు, అదీ 13వ రౌండ్‌లో.