మిత్తి గుట్టు ఇప్పే లెక్క తెచ్చిన నేపియర్

లాగరిథం పేరు ఇంటెనే మన పోరగాళ్లు పుస్తకం మూస్తరు. పరీక్షల మార్కుల కోసం పుట్టిన లెక్క అనుకుంటరు. నేనైతే దాన్ని అప్పులున్నోళ్ల లెక్క అంట. అందుకే దాన్ని తెచ్చిన మనిషి గురించి జెర చెప్పాలె.

ఆయన జాన్ నేపియర్. 1550ల స్కాట్లాండ్‌ల, ఎడిన్‌బరో పక్కన మెర్చిస్టన్ కోటల పుట్టిండు. భూస్వామి కొడుకు. పదమూడేండ్లకు సెయింట్ ఆండ్రూస్‌కు సదువ పోయిండు గని, పట్టా లేకుంటనే బయటికొచ్చిండు. ఏ యూనివర్సిటీల పంతులు గాదు. భూములు చూసుకుంట, మతం మీద పుస్తకం రాసి 1593ల అచ్చేసిండు. సుట్టుపక్కలోళ్లు మంత్రగాడని గుసగుసలు పెట్టేటోళ్లట.

గా కాలంల నక్షత్రాలు చూసేటోళ్లకు, ఓడలు నడిపేటోళ్లకు పెద్ద పెద్ద గుణకారాలే గండం. ఒక్క అంకె తప్పితే మొత్తం తప్పు. నేపియర్ ఇరవై ఏండ్లు దీని మీదనే కూసున్నడు. గుణకారాన్ని కూడికగ, భాగారాన్ని తీసివేతగ మార్చే పట్టిక తయారు జేసి 1614ల లాటిన్‌ల అచ్చేసిండు. లాగరిథం అనే మాట గూడ ఆయన పెట్టిందే.

లండన్‌ల లెక్కల పంతులు హెన్రీ బ్రిగ్స్ అది సదివి, 1615ల ఎడిన్‌బరో దాంక పోయిండు. పదిని పునాదిగ పెడితే అందరికి అల్కగైతదని ఇద్దరు ఒప్పుకున్నరు. 1617 ఏప్రిల్ 4న నేపియర్ సచ్చిపోయిండు. పని బ్రిగ్స్ ముందుకు తీస్కపోయిండు. గ్రహాల లెక్కలకు కెప్లర్ గూడ లాగరిథంలే వాడిండు.

ఇగ మన ముచ్చట. నూటికి నెలకు రెండు రూపాల మిత్తి, అంటే ఏడాదికి 24. ఏడాదికోసారి మిత్తిని అసలుల కలిపి నోటు తిరగరాస్తే, అప్పు ఎన్నేండ్లకు డబులైతది? 1.24ను ఎన్నిసార్లు గుణిస్తే 2 వస్తదన్నట్టు. మనకు తెల్వని సంఖ్య ఘాతమై పైన కూసుంటది. రెండు దిక్కుల లాగ్ తీస్తే అది కిందికి దిగుతది. 2కు లాగ్ 0.3010, 1.24కు 0.0934. భాగిస్తే 3.22. అంటే మూడేండ్ల మూడు నెలలు నిండకముందే లచ్చ రెండు లచ్చలు. పదేండ్లయితే ఎనిమిదిన్నర లచ్చలు దాటుతది. మిత్తి మీద మిత్తి లేకుంటే డబుల్ గావడానికి నాలుగేండ్ల రెండు నెలలు పట్టేది. అదే ఏడాదికి 7 రూపాల బ్యాంకు మిత్తయితే, మిత్తిని అసలుల కలుపుకుంట పోయినా పదేండ్లు దాటాలె.

నేపియర్ ఈ అప్పుల కోసం పట్టిక రాయలే. ఘాతాన్ని గిట్ల పైన రాసే పద్ధతే అప్పటికి కుదురుకోలే. ఆయన భూస్వామి అన్నది నేను మర్వ. గని ఆయన చేసిన లెక్క ఇయ్యాల కౌలు రైతు బిడ్డకు గూడ పనికొస్తది. బడిల దీన్ని మిత్తితోని కలిపి చెప్పకపోవుడే నా గోస.

తమ్మీ, చెల్లే, ఫోన్ల సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ తెరిస్తే లాగ్ బటన్ ఉంటది. ఇంట్ల అమ్మానాయినలు నోటు మీద సంతకం పెట్టే ముందు ఒక్కపారి అది నొక్కి, వచ్చిన లెక్క వాళ్లకు సదివి ఇనిపియ్యుండ్రి.