తుపాకి నుంచి ఓటు దాకా – రావి నారాయణరెడ్డి

మన దేశ మొదటి సాధారణ ఎన్నికల్లో నెహ్రూగారి కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న నాయకుడెవరు? క్విజ్ పోటీల్లో తరచుగా వినపడే ఈ ప్రశ్నకు జవాబు రావి నారాయణరెడ్డి. అయితే ఆ ఓట్ల లెక్క కంటే గొప్ప సంగతి ఆయన జీవితంలో మరొకటి ఉంది. తుపాకి పట్టమని జనానికి పిలుపునిచ్చింది ఆయనే, ఇక దించమని చెప్పిందీ ఆయనే.

నారాయణరెడ్డి 1908 జూన్‌లో నల్గొండ జిల్లా భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో భూస్వాముల ఇంట పుట్టారు. 1930లో చదువు వదిలి కాకినాడ వెళ్ళి ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నారు. తర్వాత హరిజన సేవక సంఘంలో చేరి దళిత పిల్లల కోసం బడులు, హాస్టళ్ళు నడిపారు. ఇప్పటిలాంటి సంక్షేమ హాస్టళ్ళు లేని రోజులవి. హాస్టల్ అన్నం తిని చదువుకున్న మనం ఈ మాట మరవకూడదు.

1939లో కమ్యూనిస్టు పార్టీలో చేరారు. 1941లో చిలుకూరులో, 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభకు అధ్యక్షులయ్యారు. సభ్యత్వ రుసుము రూపాయి నుంచి అణాకు తగ్గడంతో మహాసభ కూలీల, రైతుల 'సంగం' అయింది. వెట్టిచాకిరీ చెయ్యమని ఊళ్ళు ఎదురు తిరిగాయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకులకు బలయ్యాడు. అప్పటికి జనం చేతిలో ఉన్నవి కర్రలు, వడిసెలలే.

ఆ తర్వాత రజాకార్లు వచ్చారు. ఇది కాశిం రజ్వీ నడిపిన ప్రైవేటు సైన్యం. నిజాం సర్కారు దాన్ని ఆపలేదు సరికదా అండగా నిలిచింది. ఇది ఒక మతం మీద మరో మతం యుద్ధం కాదు. రజాకార్లను విమర్శించిన షోయబుల్లాఖాన్ అనే ముస్లిం పాత్రికేయుణ్ణి 1948 ఆగస్టులో హత్య చేశారు. 1947 సెప్టెంబరు 11న నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ కలిసి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. ఓటు లేదు, మొర వినే కోర్టు లేదు, పోలీసులు దొరల పక్షం. ఆ స్థితిలో ఊరిని కాపాడుకునే దళాలకు జనమే బలమిచ్చారు.

1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది. నిజాం లొంగిపోయాడు, రజాకార్ల పీడ పోయింది. మరి దళాలు ఉండాలా, వద్దా? తుపాకి దించితే పంచుకున్న భూమి మళ్ళీ దొరల పాలవుతుందని చాలామంది నాయకులు భయపడ్డారు. అది ఉత్త భయం కాదు. సైన్యం వెనకాలే దొరలు ఊళ్ళకు తిరిగి వచ్చారు. అయినా నారాయణరెడ్డి పోరాటం విరమించాలని గట్టిగా వాదించారు. నిజాం మీద ఎత్తిన ఆయుధాన్ని జనం కోరుకున్న ప్రభుత్వం మీద ఎత్తితే జనం మనతో ఉండరని, ప్రాణనష్టం తప్ప మిగిలేది లేదని ఆయన అభిప్రాయం. ఇందుకు సొంత పార్టీలోనే నిందలు పడ్డారు. చివరకు 1951 అక్టోబరులో పార్టీ పోరాటాన్ని విరమించింది. పంచిన భూమిలో కొంత చేజారిన మాట నిజమే. కానీ వెట్టి మళ్ళీ మునుపటిలా తలెత్తలేదు.

కొద్ది నెలలకే ఎన్నికలు వచ్చాయి. పార్టీపై నిషేధం ఉండటంతో పీడీఎఫ్ పేరుతో నల్గొండ లోక్‌సభకు నిలబడి 3,09,162 ఓట్లు తెచ్చుకున్నారు. అది రెండు సీట్ల నియోజకవర్గం. దళితులకు కేటాయించిన రెండో సీటులోనూ పీడీఎఫ్ అభ్యర్థే గెలిచారు. దళాలకు అన్నం పెట్టిన చేతులే ఈసారి ఓటు వేశాయి. 1962లో ఆయన మరోసారి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1991 సెప్టెంబరు 7న కన్నుమూశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ప్రజాస్వామ్యంలో ప్రైవేటు సైన్యాలకు చోటు లేదు. సర్కారు చాటున పెరిగినా అంతే. ఛత్తీస్‌గఢ్‌లో గిరిజన యువకులకు తుపాకులిచ్చి మావోయిస్టుల మీదికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే న్యాయం దొరికే దారి తెరిచి ఉంచడం కూడా ప్రభుత్వం బాధ్యతే. ఆ దారి మూసుకుపోయిన చోటే రజాకార్లూ పుట్టారు, దళాలూ పుట్టాయి. తమ్ముళ్ళారా, పద్దెనిమిదేళ్ళు నిండగానే మన చేతికి వచ్చే ఓటు వెనక ఇంత కథ ఉంది. దాన్ని మాత్రం అమ్ముకోకండి.