తిట్లు మానేశాడు, ఓడ మానలేదు

స్కూల్లో క్రిస్మస్ అసెంబ్లీకి 'అమేజింగ్ గ్రేస్' పాడేవాళ్లం. ఒక బానిసల ఓడ కెప్టెన్ తుఫానులో చిక్కుకుని, దేవుణ్ణి తలుచుకుని, ఒడ్డుకి రాగానే ఆ పని వదిలేసి ఈ పాట రాశాడని నేను విన్న కథ. ఈమధ్య ఆయన జీవితం చదివాను. నేను విన్న కథలో తొందర ఎక్కువ.

జాన్ న్యూటన్ 1725లో లండన్‌లో పుట్టాడు. ఏడేళ్లు నిండకుండానే తల్లి పోయింది. 11 ఏళ్లకి తండ్రితో ఓడ ఎక్కాడు. తర్వాత నౌకాదళం వాళ్లు బలవంతంగా పట్టుకెళ్తే పారిపోయి, దొరికి, కొరడా దెబ్బలు తిన్నాడు. సియెర్రా లియోన్ దగ్గర ఒక బానిస వ్యాపారి కింద తిండికి మాడుతూ తనే బానిసలా బతికాడు. నోరు తెరిస్తే బూతులే. ఓడ కెప్టెనే చిరాకుపడేంత.

1748 మార్చిలో ఇంటికి తిరిగొస్తుంటే ఓడ తుఫానులో దెబ్బతింది. గంటలకొద్దీ నీళ్లు తోడాడు, చుక్కాని పట్టాడు, ఎన్నో ఏళ్ల తర్వాత ప్రార్థన చేశాడు. ఆ తర్వాత బూతులు మానేశాడు.

కానీ 1750లో బానిసల ఓడకే కెప్టెన్ అయ్యాడు. మూడు ప్రయాణాలు. ఆదివారం సిబ్బందిని కూర్చోబెట్టి పైన ప్రార్థన, కింద గొలుసుల్లో మనుషులు. తిరుగుబాటు చేస్తారన్న అనుమానంతో అబ్బాయిల బొటనవేళ్లకి ఇనుప బిగింపులు పెట్టించినట్టు తన డైరీలో తనే రాసుకున్నాడు. అక్కడికొచ్చాక నేను కాసేపు చదవడం ఆపేశాను. న్యూటన్ దొంగ భక్తుడని మాత్రం నాకు అనిపించలేదు. బూతులు తప్పని అందరూ చెప్తారు. ఇది మాత్రం అప్పట్లో మర్యాదైన ఉద్యోగం. 1754లో మానేసింది కూడా మనసు మారి కాదు, ఉన్నట్టుండి ఫిట్స్ లాంటిది వచ్చి ఆరోగ్యం దెబ్బతిని.

1764లో ఓల్నీ అనే ఊళ్లో పాస్టర్ అయ్యాడు. లేసు అల్లుకుని బతికే పేదవాళ్లు ఎక్కువున్న ఊరు. 1773 కొత్త సంవత్సరం ఆరాధన కోసం రాసిందే ఆ పాట, అంటే తుఫాను దాటిన పాతికేళ్లకి! అదే ఏడాది కవి విలియం కౌపర్‌కి డిప్రెషన్ ముదిరి, ప్రాణం తీసుకోవాలనుకునే దాకా వెళ్తే, న్యూటన్ ఏడాదికి పైగా తన ఇంట్లోనే పెట్టుకుని చూసుకున్నాడు. నాకు పాటకన్నా ఇది గొప్పగా అనిపించింది.

1785లో విల్బర్‌ఫోర్స్ అనే యువ ఎంపీ రాజకీయాలు వదిలేయాలా అని సలహాకి వస్తే, ఉండి పని చెయ్యమన్నాడు. చివరికి 1788లో బానిస వ్యాపారం గురించి తన కళ్లతో చూసిందీ, తన చేతులతో చేసిందీ పుస్తకంగా అచ్చువేశాడు. ఇంత ఆలస్యంగా ఒప్పుకుంటున్నందుకు సిగ్గుపడుతున్నానని అందులోనే రాశాడు. ఓడ దిగి అప్పటికి 34 ఏళ్లు. ఆ పుస్తకం ఎంపీలందరికీ వెళ్లింది. తర్వాత ప్రభుత్వ విచారణలో సాక్ష్యం కూడా చెప్పాడు.

1807 మార్చిలో బ్రిటన్ పార్లమెంటు ఆ వ్యాపారాన్ని నిషేధించింది. అప్పటికి న్యూటన్‌కి 81 ఏళ్లు, చూపు దాదాపు పోయింది. ఆ డిసెంబర్ 21న కన్నుమూశాడు.