ఉదయకాలపు మన్నా

కొత్త సంవత్సరపు రాత్రి ఆరాధనలో మనలో ఎందరమో ఒక తీర్మానం చేసుకుంటాం. ఈ ఏడాది బైబిలు మొత్తం చదివి తీరాలనుకుంటాం. జనవరి 1న ఆదికాండముతో పఠనం ఉత్సాహంగా మొదలవుతుంది. నిర్గమకాండము సగం దాకా సాగుతుంది. ప్రత్యక్ష గుడారపు కొలతలు, లేవీయకాండములోని బలుల వివరాలు వచ్చేసరికి అడుగు తడబడుతుంది. ఒక రోజు మానేస్తాం, ఆ తరువాత వారం గడిచిపోతుంది. కొందరు పట్టుదలతో కొనసాగిస్తారు. రోజుకు మూడు అధ్యాయాలు ముగించి పట్టికలో గుర్తు పెట్టుకుంటారు. కానీ ఉదయం చదివినదేమిటో మధ్యాహ్నానికి జ్ఞాపకం ఉండదు.

ప్రియ పాఠకులారా, ఈ అనుభవం మీకూ ఉన్నదా? అయితే నిరుత్సాహపడకండి. పదివేలమందికి పైగా అనాథలకు ఆశ్రయమిచ్చిన జార్జి ముల్లర్ కూడా మొదట ఈ విషయంలో తడబడినవారే. ఆయనను మనం సాధారణంగా ప్రార్థనా వీరుడిగా స్మరించుకుంటాం. ఎవరినీ చెయ్యి చాచి అడగకుండా, కేవలం దేవుని సన్నిధిలో మోకరించి వేలమంది పిల్లలను పోషించారని చెప్పుకుంటాం. అది నిజమే. అయితే ఆ ప్రార్థన ఏ ఊట నుండి పుట్టిందో తెలుసుకోవాలంటే, ఆయన బైబిలు చదవడం ఎలా నేర్చుకున్నారో చూడాలి.

మూడు వందల పుస్తకాలు, బైబిలు లేదు

జార్జి ముల్లర్ 1805 సెప్టెంబరు 27న ప్రష్యా రాజ్యంలో జన్మించాడు. తండ్రి ప్రభుత్వ పన్నులు వసూలు చేసే ఉద్యోగి. పదేళ్లు నిండకముందే ఆ బాలుడు తండ్రి దగ్గరున్న ప్రభుత్వ సొమ్ము దొంగిలించడం మరిగాడు. పద్నాలుగేళ్ల వయసులో, తల్లి మరణశయ్యపై ఉన్న రాత్రి, ఆ సంగతి తెలియక స్నేహితులతో పేకాటలో మునిగి ఉన్నాడు. పదహారేళ్లకు సత్రాలలో బస చేసి డబ్బు చెల్లించలేక, 1821 డిసెంబరు నుండి మరుసటి జనవరి వరకు చెరసాలలో గడిపాడు.

ఇలాంటి కుమారుణ్ణి తండ్రి పాదిరిగా చూడాలనుకున్నాడు. దేవుని సేవ చేయిద్దామని కాదు. సుఖమైన ఉద్యోగం, తన వృద్ధాప్యంలో ఒక నీడ దొరుకుతాయని! ఆ చదువుల కాలంలో ముల్లర్ దగ్గర దాదాపు 300 పుస్తకాలు ఉండేవి. లాటిను, గ్రీకు, ఫ్రెంచి గ్రంథాలెన్నో ఉన్నాయి. బైబిలు మాత్రం లేదు. దైవసేవకు సిద్ధపడుతున్న విద్యార్థి అలమరలో దేవుని వాక్యానికి చోటు లేకపోయింది.

1825లో ఆయన హాలె విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ ఊరికీ మన తెలుగు భాషకూ ఒక పాత బంధం ఉన్నది. చెన్నపట్నంలో పనిచేసి, బైబిలును తెలుగులోకి అనువదించిన తొలి మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1743లో హాలెకు తిరిగి వెళ్లారు. 1746, 1747 సంవత్సరాలలో అక్కడ ఆయన అచ్చువేయించిన చిన్న పుస్తకాలనే తెలుగులో తొలి ముద్రిత గ్రంథాలుగా చెప్పుకుంటాం. అదే హాలెలో ఫ్రాంకే అనే భక్తుడు స్థాపించిన అనాథ శరణాలయంలో, పేద విద్యార్థులకు కేటాయించిన గదులలో ముల్లర్ కొంతకాలం ఉచితంగా నివసించారు.

1825 నవంబరులో ఒక శనివారం సాయంత్రం, స్నేహితుని వెంట ఒక వర్తకుని ఇంటి కూటానికి వెళ్లడం ఆయన జీవితాన్ని మార్చివేసింది. ఆ కూటంలో ఒక వ్యక్తి మోకరించి ప్రార్థించాడు. ఒక అధ్యాయం చదివారు, అచ్చులో ఉన్న ఒక ప్రసంగం చదివారు, అంతే. మోకరించి ప్రార్థించే మనిషిని ముల్లర్ అంతవరకు చూడలేదు. చదువులేని ఆ ఇంటి యజమాని ప్రార్థించినట్లు తాను ప్రార్థించలేనని ఆ రాత్రి గ్రహించాడు. ఒక కొత్త సంతోషం హృదయాన్ని నింపింది.

మారుమనస్సు పొందిన తరువాత కూడా...

ఇక్కడ మనం కొంచెం ఆగి ఆలోచించవలసిన సంగతి ఒకటి ఉన్నది. మారుమనస్సు పొందిన వెంటనే ముల్లర్ బైబిలు ప్రేమికుడు కాలేదు. దాదాపు నాలుగేళ్లపాటు ఆయన బైబిలు కంటె భక్తి పుస్తకాలను, కరపత్రాలను, మిషనరీల జీవితకథలనే ఇష్టంగా చదివారు. వాక్యం అర్థం కాదు గనుక చదివేవారు కాదు. చదవరు గనుక అర్థమయ్యేది కాదు. ఆ సంవత్సరాలలో తాను ఆత్మీయంగా శిశువుగానే మిగిలిపోయానని తరువాత ఆయనే బాధతో ఒప్పుకున్నారు. దేవుని గురించి వ్రాసిన పుస్తకాలు చదవడం, దేవుని గ్రంథం చదవడం ఒక్కటి కాదని ఆయనకు ఆలస్యంగా తెలిసింది. మన ఇళ్లలోనూ ప్రసంగాలు వినడానికి గంటలు దొరుకుతాయి, బైబిలు తెరవడానికి పది నిమిషాలు దొరకవు. ముల్లర్ చేసిన పొరపాటు మనకు కొత్తది కాదు.

1829లో ఆయన ఇంగ్లండు చేరారు. జబ్బుపడి, విశ్రాంతి కోసం టైన్‌మత్ అనే సముద్రతీర పట్టణానికి వెళ్లారు. అక్కడే వాక్యమే మన విశ్వాసానికి కొలబద్ద అనే సత్యం ఆయనకు బోధపడింది. తిరిగి వచ్చాక గది తలుపు మూసుకుని, ప్రార్థిస్తూ, బైబిలు ఒక్కటే ముందుంచుకుని చదవసాగారు. అంతకుముందు నెలల తరబడి నేర్చుకోనిది ఆ మొదటి సాయంత్రం కొద్ది గంటలలోనే నేర్చుకున్నారు.

1830లో ఆయన టైన్‌మత్‌లో సంఘ కాపరి అయ్యారు. మేరీ గ్రోవ్స్‌ను వివాహమాడారు. ఆమె అన్న ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ దంతవైద్యం వదులుకుని మిషనరీ అయినవారు. 1836లో ఆ గ్రోవ్స్‌తో కలిసి మన దేశానికి బయలుదేరిన బౌడెన్, బీర్ కుటుంబాల వారే నరసాపురం ప్రాంతంలో గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. ముల్లర్ మాత్రం 1832లో బ్రిస్టల్ నగరానికి మారి, జీవితాంతం అక్కడే సేవచేశారు.

1835 డిసెంబరు 5 సాయంత్రం ఆయన లేఖనాలు చదువుతుండగా 81వ కీర్తన 10వ వచనం వద్ద మనసు నిలిచిపోయింది. దేవుని దగ్గర కొంచెమే అడిగి ఊరుకోనక్కరలేదని, నింపేవాడు ఆయనేనని ఆ వచనం తెలుపుతుంది. అనాథ గృహం స్థాపించాలా వద్దా అని అప్పటికే ప్రార్థిస్తున్న ముల్లర్ మోకరించి వెయ్యి పౌండ్లు, ఒక ఇల్లు, తగిన పనివారు కావాలని దేవుణ్ణి అడిగారు. 1836 ఏప్రిల్‌లో విల్సన్ వీధిలోని అద్దె ఇంట్లో అనాథ గృహం ప్రారంభమైంది. ఏడాదిన్నర గడిచేసరికి ఆ వెయ్యి పౌండ్లూ సమకూడాయి.

1841లో నేర్చుకున్న పాఠం

అప్పటికి ఆయన విశ్వాసి, ప్రసంగీకుడు, అనాథల తండ్రి. ఉదయం లేవగానే ప్రార్థించే అలవాటు కూడా ఉన్నది. అయినా లోపల ఒక కొరత ఆయనను వేధిస్తూ ఉండేది. మోకరించిన తరువాత పది నిమిషాలు, పావుగంట, ఒక్కొక్కసారి అరగంట కూడా మనసు ఎటో తిరిగేది. ప్రార్థించే మనసు కుదిరేసరికి ప్రార్థన సమయం సగం గడిచిపోయేది. ఆ రోజులలో మూడు ఇళ్లలో వందమందికి దగ్గరగా పిల్లలున్నారు. వారి రేపటి రొట్టెకు చేతిలో డబ్బులేని రోజులెన్నో ఉండేవి. అంత భారం మోసే మనిషి ఖాళీ హృదయంతో దినాన్ని ప్రారంభిస్తే ఏమవుతుంది?

1841 వసంతకాలంలో, నెయిల్స్‌వర్త్ అనే ఊళ్లో కొన్ని వారాలు గడుపుతున్నప్పుడు ఆయనకు ఒక సత్యం స్పష్టమైంది. ప్రతి ఉదయం తన మొదటి బాధ్యత దేవుని కొరకు ఎంత పని చేయాలా అన్నది కాదు. తన ఆత్మ దేవునియందు సంతోషించేలా చూసుకోవడం. ఆ సంతోషం లేకుండా పాపులకు సువార్త చెప్పవచ్చు, దుఃఖితులను ఓదార్చవచ్చు, ఎంతో సేవ చేయవచ్చు. అయినా అదంతా సరైన ఆత్మతో జరగకపోవచ్చు. ఉదయం ఆహారం తీసుకోకుండా శరీరం ఎక్కువసేపు పనిచేయలేదు కదా! అంతరంగ పురుషుని సంగతీ అంతే. ఆ అంతరంగానికి ఆహారం వాక్యమే.

అప్పటి నుండి ఆయన క్రమం మారింది. ముందు వాక్యం, ఆ వాక్యంలో నుండి ప్రార్థన. కంటి ఇబ్బంది వల్ల పెద్ద అక్షరాల కొత్త నిబంధన కొనుక్కున్నారు. తెల్లవారుజామున దానిని చేతబట్టి, దేవుని సహాయాన్ని క్లుప్తంగా వేడుకుని, పొలాల వెంట నడుస్తూ ఒక్కొక్క వచనాన్నే ధ్యానించేవారు. ఆ వచనంలో తనకు ఏ ఆశీర్వాదం ఉన్నదో వెదికేవారు. కొద్ది నిమిషాలలోనే ఆ ధ్యానం పాపపు ఒప్పుకోలుగానో, కృతజ్ఞతగానో, ఇతరుల కొరకు విజ్ఞాపనగానో మారేది. ప్రార్థిద్దామని ప్రత్యేకంగా కూర్చోకుండానే ప్రార్థన ప్రవహించేది. అది ముగిశాక తరువాతి వచనానికి వెళ్లేవారు. చెదిరిపోయే మనసుతో ఆయన చేసిన పోరాటానికి ఇలా పరిష్కారం దొరికింది.

ఇందులో బోధకులకు ఒక హెచ్చరిక కూడా ఉన్నది. ఆ ఉదయకాలంలో ఆయన ప్రసంగం కోసం చదవలేదు, ఇతరులకు ఏం చెప్పాలా అని వెదకలేదు. తన ఆకలి తీరడం కోసమే చదివారు. ఆశ్చర్యమేమిటంటే, అలా తాను తిన్న ఆహారమే ఎన్నోసార్లు ఇతరులకూ సరిపోయేది. ఆదివారపు ప్రసంగం కోసం శనివారం రాత్రి మాత్రమే బైబిలు తిరగవేసే సేవకులు, ఆదివారపు బడి పాఠం కోసమే చదివే ఉపాధ్యాయులు ఈ తేడాను గమనించాలి. వంటవాడు కూడా అన్నం తినాలి కదా!

తుఫానులో నిలిచిన పునాది

ఆ ఉదయాలు ఆయనను ఎంత దూరం నడిపించాయో చరిత్ర చెబుతుంది. 1849లో బ్రిస్టల్ శివారులోని ఆష్లీ డౌన్‌లో 300 మంది పిల్లలకు సరిపడే మొదటి భవనం తెరిచారు. 1870 నాటికి అలాంటి ఐదు పెద్ద భవనాలలో 2050 మందికి చోటు కల్పించారు. ఆయన ద్వారా దాదాపు 15 లక్షల పౌండ్లు దేవుని పనికి ఖర్చయ్యాయి. అవసరం ఇదీ అని ఏ మనిషికీ చెప్పకుండా సాగిన పని అది. 1834లో ఆయన స్థాపించిన లేఖన జ్ఞాన సంస్థ రెండు లక్షల 80 వేలకు పైగా బైబిళ్లను పంచింది.

అయితే దైనందిన ధ్యానపు విలువ ఈ అంకెలలో కాదు, శోకదినాన తెలుస్తుంది. 1870 ఫిబ్రవరి 6న, దాదాపు 40 ఏళ్లు తోడునీడగా నిలిచిన మేరీ కన్నుమూశారు. ఆమె జబ్బుపడి ఉండగా ముల్లర్ చివరిగా చదివి వినిపించినది 84వ కీర్తనలోని 11వ వచనం. యథార్థంగా నడిచేవారికి దేవుడు ఏ మేలూ కొరత చేయడని తెలిపే మాట అది. ఆమె బ్రతకడం నిజంగా మేలైతే దేవుడు బ్రతికిస్తాడు, లేకపోతే ఆయన చిత్తమే మేలు అని ఆ భర్త తనను తాను అప్పగించుకున్నారు. 64 ఏళ్ల వయసులో భార్య సమాధి ప్రసంగం తానే చేశారు. అందుకు 119వ కీర్తన 68వ వచనాన్ని ఎంచుకుని, ఆమెను తనకిచ్చినందుకు, ఇన్నేళ్లు ఉంచినందుకు, తిరిగి తీసుకున్నందుకు కూడా దేవుడు మంచివాడేనని సాక్ష్యమిచ్చారు. పాఠకులారా, అలాంటి మాట ఆ ఒక్క రోజున వెదికితే దొరికేది కాదు. సుమారు 30 ఏళ్ల ఉదయాలు ఆయనలో దాచిపెట్టిన ధాన్యం అది.

70 ఏళ్లు నిండే వయసులో, 1875లో, ఆయన సువార్త యాత్రలు ప్రారంభించారు. 1892 వరకు 42 దేశాలలో రెండు లక్షల మైళ్లు ప్రయాణించారు. భారతదేశానికీ వచ్చారు. 1890 జనవరిలో జబల్‌పూర్‌లో ఉన్నప్పుడు ఏకైక కుమార్తె లిడియా మరణవార్త అందింది. 84 ఏళ్ల ఆ వృద్ధుడు పరాయి దేశంలో ఆ దుఃఖాన్నీ అదే విశ్వాసంతో స్వీకరించారు.

వయసు పెరిగేకొద్దీ ఆయనకు వాక్యంపై ఆకలి పెరిగింది. తన జీవితకాలంలో బైబిలును వందసార్లకు పైగా ఆద్యంతం చదివారు. చివరి కాలంలో ఏడాదికి నాలుగుసార్లు ముగించేవారు. 1898 మార్చి 9 సాయంత్రం అనాథ గృహంలో ప్రార్థన కూటం నడిపించి, మరుసటి ఉదయం తన గదిలో ప్రభువు సన్నిధికి చేరారు. వయసు 92. ఆయన స్వంత ఆస్తి సుమారు 160 పౌండ్లు మాత్రమే.

మనం ఎక్కడ ప్రారంభించాలి?

ఏడాదికి నాలుగుసార్లు చదవగలమా అని భయపడవద్దు. ఆయన యౌవనస్థులకు ఇచ్చిన సలహా చాలా సరళమైనది. నచ్చిన చోట నచ్చిన వచనం ఏరుకోకుండా వరుసగా చదవాలి. ఒక పూట పాత నిబంధన, మరొక పూట కొత్త నిబంధన తీసుకుని, ఆపిన చోట గుర్తు ఉంచుకోవాలి. అర్థం చేయించమని దేవుణ్ణి అడగాలి. చదివిన దానిని మననం చేయాలి. తెలిసిన దానిని ఆచరించాలి. ఎక్కువ చదవడం మేలే. కానీ గొట్టంలో నీరులా జారిపోయే పది అధ్యాయాల కంటె హృదయంలో ఇంకే పది వచనాలు మేలు.

ఇశ్రాయేలీయులు అరణ్యంలో మన్నాను ప్రతి ఉదయం కూర్చుకోవలసి వచ్చింది. విశ్రాంతి దినం కోసం తప్ప, మరునాటికి దాచుకుంటే అది పనికిరాకుండా పోయేది. నిన్నటి ప్రసంగం, పోయిన ఏడాది ఉజ్జీవ సభల అనుభవం నేటి ఆకలి తీర్చవు. లేవీయకాండము దగ్గర ఆగిపోయిన బైబిలు మీ ఇంట్లో ఉంటే రేపు ఉదయం అక్కడే తెరవండి. ఇంటి పనులు మొదలుకాక ముందు, ఫోను చేతిలోకి తీసుకోక ముందు ఒక్క పావుగంట కూర్చోండి. ఒక్క వచనం చదివి, అది మీతో ఏమంటున్నదో ఆలోచించి, దానినే ప్రార్థనగా మార్చి దేవునికి చెప్పండి. ఆకలితో వచ్చినవారిని ప్రభువు ఖాళీ చేతులతో పంపడు. ఆయన కృప మీకు తోడైయుండును గాక!