మహిళల దగ్గరికే ఎక్స్‌రే వ్యాన్ నడిపించిన డాక్టర్ ఫిలిప్ స్ట్రాక్స్

రొమ్ము క్యాన్సర్‌ను ముందుగా పట్టుకుంటే ప్రాణాలు నిజంగా నిలుస్తాయా? నిలిస్తే, ఒక్క ప్రాణం కోసం ఎంతమందికి పరీక్ష చెయ్యాలి? ఎంత ఖర్చవుతుంది? ప్రపంచంలో మొదటిసారి ఈ ప్రశ్నలకు లెక్కతో సహా జవాబు వెతికినవాళ్లలో న్యూయార్క్ డాక్టర్ ఫిలిప్ స్ట్రాక్స్ ఒకరు. నేడు మన ఊళ్లలో జరిగే స్క్రీనింగ్ క్యాంపుల వెనక ఆయన కష్టం కూడా ఉంది.

స్ట్రాక్స్ 1909లో పుట్టారు. రేడియాలజిస్టుగా, అంటే ఎక్స్‌రే చూసి జబ్బు చెప్పే డాక్టరుగా పేరు తెచ్చుకున్నారు. ఆయన భార్య బెర్తా 1947లో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయారు. అప్పటికి ఆమె వయసు 39 ఏళ్లే. భర్త డాక్టరైనా ఆమె ప్రాణం దక్కలేదు. అప్పట్లో గడ్డ చేతికి తగిలే వేళకే చాలామందిలో జబ్బు ముదిరిపోయి ఉండేది. ఆపరేషన్ చేసినా ఫలితం అంతంతమాత్రమే. చేతికి తెలియక ముందే గడ్డను పట్టుకోవడం ఎలా అన్నదే స్ట్రాక్స్ జీవితంలో పెద్ద పని అయిపోయింది.

దానికి దారి మామోగ్రఫీలో కనిపించింది. 1960లో హ్యూస్టన్‌లో రాబర్ట్ ఈగన్ అనే డాక్టర్ రొమ్ము ఎక్స్‌రేను స్పష్టంగా తీసే పద్ధతిని ప్రకటించారు. అయితే ఎక్స్‌రేలో చిన్న గడ్డ కనిపించడం వేరు, దానివల్ల మనిషి బతకడం వేరు. ఒకామెకు రెండేళ్ల ముందే జబ్బు తెలిసిందనుకుందాం. ఆమె చనిపోయే రోజు మారకపోయినా, జబ్బు తెలిశాక బతికిన కాలం మాత్రం కాగితం మీద రెండేళ్లు పెరిగిపోతుంది. చూసేవాళ్లకు పరీక్ష వల్లే ఆయుష్షు పెరిగిందనిపిస్తుంది. ఈ మోసంలో పడకూడదంటే ఒకటే దారి. పరీక్షకు పిలిచిన గుంపులో ఎంతమంది చనిపోయారు, పిలవని గుంపులో ఎంతమంది చనిపోయారు అని పోల్చి చూడాలి.

ఈ పని కోసం ముగ్గురు కలిశారు. లెక్కలు చూసింది శామ్ షాపిరో, చేత్తో పరీక్షల బాధ్యత తీసుకుంది సర్జన్ లూయిస్ వెనెట్, ఎక్స్‌రేలు చూసుకుంది స్ట్రాక్స్. వీళ్లకు ఆసరాగా నిలిచింది హెల్త్ ఇన్సూరెన్స్ ప్లాన్ ఆఫ్ గ్రేటర్ న్యూయార్క్. 1947లో మొదలైన ఈ సంస్థలో సభ్యులు ముందే డబ్బు కడితే వైద్యం అందేది. సభ్యులందరి వివరాలు ఫైళ్లలో ఉండేవి. ఎవరు బతికి ఉన్నారు, ఎవరు ఏ జబ్బుతో చనిపోయారు అన్నది ఏళ్ల తరబడి చూసుకునే వీలుంది.

1963 డిసెంబర్‌లో పని మొదలైంది. 40 నుంచి 64 ఏళ్ల మధ్య ఉన్న సుమారు 62 వేల మంది మహిళలను రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపును పరీక్షకు పిలిచారు. రెండో గుంపుకు మామూలుగా అందే వైద్యమే అందింది. పిలిచిన గుంపులోని మహిళలకు మొదట ఒక పరీక్ష, తర్వాత ఏడాదికొకటి చొప్పున మరో మూడు పరీక్షలు. ప్రతిసారీ ఎక్స్‌రేతో పాటు డాక్టర్ చేత్తో పరీక్ష చేసేవారు.

అసలు కష్టం ఇక్కడే వచ్చింది. ఏ నొప్పీ లేని మనిషి ఆసుపత్రికి ఎందుకు వస్తుంది? ఉద్యోగం చేసేవాళ్లకు సెలవు దొరకదు. ఇంట్లో ఉండేవాళ్లకు పిల్లలు, వంట, పని. పైగా సిగ్గు, భయం. మహిళలు రాకపోతే మనమే వెళ్దామని స్ట్రాక్స్ నిర్ణయించారు. ఎక్స్‌రే మెషీన్‌ను వ్యాన్‌లో పెట్టి మన్‌హట్టన్ వీధుల్లోకి, మహిళలు పనిచేసే చోటికి తీసుకెళ్లారు. మధ్యాహ్నం భోజన విరామంలో వచ్చి పరీక్ష చేయించుకుని మళ్లీ పనికి వెళ్లిపోయేలా ఏర్పాటు చేశారు. రాని వాళ్లకు ఉత్తరాలు, ఫోన్లు వెళ్లేవి. గంటకు ఎంతమందిని చూడొచ్చు, బట్టలు మార్చుకునే గదులు ఎన్ని కావాలి, ఎక్కడ ఆలస్యమవుతోంది అని ఆయన ఫ్యాక్టరీ మేనేజర్‌లా లెక్క వేసేవారు. ఒక్కొక్కరికి పట్టే టైం తగ్గితే ఖర్చూ తగ్గుతుంది, ఎక్కువమందికి పరీక్ష అందుతుంది.

ఇంత చేసినా పిలిచిన వాళ్లలో మూడోవంతు మంది ఒక్కసారి కూడా రాలేదు. అయినా వాళ్లను లెక్కలోంచి తీసెయ్యలేదు. పరీక్షకు వచ్చేవాళ్లు మామూలుగానే ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లు కావొచ్చు. వాళ్లను మాత్రమే లెక్కపెడితే ఫలితం ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. అందుకే పిలిచిన వాళ్లందరినీ, వచ్చినా రాకపోయినా, ఒకే గుంపుగా చూశారు.

1971లో ఫలితాలు బయటికి వచ్చాయి. పరీక్షకు పిలవని గుంపులో రొమ్ము క్యాన్సర్‌తో 52 మంది చనిపోతే, పిలిచిన గుంపులో 31 మంది చనిపోయారు. మరణాలు మూడోవంతుకు పైగా తగ్గాయి. ఇదే సంగతిని ఇంకో రకంగా కూడా చెప్పొచ్చు. దాదాపు 31 వేల మందిని పిలిచి నాలుగు విడతలు పరీక్షలు చేస్తే, ఆ కొన్నేళ్లలో తగ్గిన మరణాలు 21. అంటే సుమారు 1,500 మందిని పిలిస్తే ఒక్క ప్రాణం. రెండు లెక్కలూ నిజమే. మొదటిది ఆశ చూపిస్తుంది, రెండోది ఖర్చు చూపిస్తుంది. స్క్రీనింగ్ గురించి నేటికీ జరిగే వాదనంతా ఈ రెండు లెక్కల మధ్యే తిరుగుతోంది. పైగా 50 ఏళ్లలోపు వాళ్లలో ఆ మొదటి ఏళ్లలో లాభం కనిపించలేదు.

ఈ అధ్యయనంలో చాలామంది మరిచిపోయిన అంకె ఇంకొకటి ఉంది. స్క్రీనింగ్‌లో దొరికిన 132 క్యాన్సర్లలో దాదాపు 45 శాతం డాక్టర్ చేత్తో చూసినప్పుడు మాత్రమే దొరికాయి. ఎక్స్‌రేలో మాత్రమే దొరికినవి 33 శాతం. మిగతావి రెండింటిలోనూ దొరికాయి. అప్పటి ఎక్స్‌రేలు ఇప్పటంత స్పష్టంగా ఉండేవి కావన్నది నిజమే. అయినా ఖరీదైన మెషీన్ పక్కన శిక్షణ పొందిన చెయ్యి కూడా పనిచేసిందని ఈ అంకె చెబుతుంది.

తర్వాత స్ట్రాక్స్ మన్‌హట్టన్‌లో గట్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌ను నడిపి, మామూలు మహిళలకు పరీక్ష అందుబాటులోకి తెచ్చారు. 1973 నుంచి అమెరికా దేశమంతటా సుమారు 2 లక్షల 80 వేల మందికి పరీక్షలు చేసే కార్యక్రమం మొదలైంది. 1974లో అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్‌కు రొమ్ము క్యాన్సర్ అని తెలియడంతో పరీక్ష కోసం మహిళలు బారులు తీరారు. రెండేళ్లకే ఎదురుగాలి వీచింది. 1976లో జాన్ బెయిలార్ అనే శాస్త్రవేత్త గట్టి ప్రశ్నలు వేశారు. ఆరోగ్యంగా ఉన్న లక్షల మందికి ఏటా ఎక్స్‌రే తీస్తే ఆ కిరణాల వల్లే కొందరికి క్యాన్సర్ రాదా? లాభం రుజువు కాని చిన్న వయసు వాళ్లకు ఎందుకీ పరీక్ష? దీంతో 50 ఏళ్లలోపు వాళ్లకు మామూలుగా చేసే పరీక్షలపై ఆంక్షలు వచ్చాయి. మెషీన్లలో కిరణాల మోతాదు తగ్గించే పనీ ఊపందుకుంది. స్ట్రాక్స్ మాత్రం చివరిదాకా స్క్రీనింగ్ వైపే నిలబడ్డారు. 1988లో ఆయనకు, షాపిరోకు కలిపి కెటరింగ్ ప్రైజ్ దక్కింది. 1999లో, 90 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఆయన వేసిన ప్రశ్న మన దేశానికి వచ్చేసరికి ఇంకా బరువెక్కింది. ఊరూరా మామోగ్రఫీ మెషీన్ పెట్టే స్తోమత ఎక్కడిది? 2008లో నెదర్లాండ్స్ పరిశోధకులు భారతదేశం కోసమే ఒక లెక్క వేశారు. 40 నుంచి 60 ఏళ్ల మహిళలకు ఏటా చేత్తో పరీక్ష చేస్తే, రెండేళ్లకోసారి మామోగ్రఫీ చేసినంత ఫలితం దాదాపుగా వస్తుందని, ఖర్చు మాత్రం సగమే అని తేల్చారు. అది కాగితం మీద అంచనా. నేల మీద రుజువు ముంబై నుంచి వచ్చింది. టాటా మెమోరియల్ వాళ్లు 1998 నుంచి బస్తీల్లోని లక్షన్నర మందికి పైగా మహిళలపై అధ్యయనం చేశారు. ఒక గుంపుకు శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలే రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేశారు. 2021లో వచ్చిన ఫలితం ప్రకారం 50 ఏళ్లు పైబడిన వాళ్లలో మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవాళ్లలో అంత లాభం కనిపించలేదు. అందరినీ కలిపి చూస్తే తగ్గుదల 15 శాతమే, అదీ కచ్చితంగా చెప్పలేనిది.

నేడు ప్రభుత్వ కార్యక్రమంలో 30 ఏళ్లు దాటిన మహిళలకు ఆరోగ్య కేంద్రాల్లో చేత్తో రొమ్ము పరీక్ష చేస్తారు. పరదా పాటించే కుటుంబాల్లో కూడా అమ్మ, అత్త, అక్క వెళ్లడానికి ఇబ్బంది ఉండకూడదంటే, పరీక్ష చేసేది మహిళే అయి ఉండాలి, చాటు ఉండాలి, ఇంటికి దగ్గరలో ఉండాలి. గడ్డ తగిలినా, చర్మం లోపలికి లాగినట్టున్నా, చనుమొన నుంచి రక్తం వచ్చినా తర్వాతి క్యాంపు దాకా ఆగకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి. అనుమానం వచ్చిన మహిళను పెద్దాసుపత్రికి తీసుకెళ్లి వైద్యం పూర్తయ్యేదాకా తోడుండేవాళ్లు లేకపోతే మాత్రం క్యాంపుకు పెట్టిన ఖర్చంతా వృథా. పరీక్ష ఒక్కటే ప్రాణం నిలబెట్టదు, దాని తర్వాత అందే వైద్యమే నిలబెడుతుంది.